నోట్లో నాలుక లేని పిల్ల: దాంపత్యం గురించి కొన్ని పాత అపోహలు



మా పూడూరు ప్రాంతంలో పెళ్లి సంబంధం కుదిర్చేటప్పుడు పిల్లను మెచ్చుకోవడానికి వాడే మాట ఒకటుంది. "పిల్ల నోట్లో నాలుక లేనిది" అంటారు. చిత్రమేమిటంటే, ఎనిమిదేండ్లు చదువు కోసం మన్నెగూడ, చేవెళ్ల, వికారాబాదు బస్సులెక్కి తిరిగి, డిగ్రీ పుచ్చుకుని వచ్చిన పిల్ల విషయంలోనూ ఇదే మాట. తెలుగు పండితురాలిగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న నన్ను, పాత విద్యార్థుల ఇళ్లలో ఇటువంటి మాటలు జరిగేటప్పుడు పిలిచి పెద్దదిక్కుగా కూర్చోబెడుతూ ఉంటారు. అక్కడ వినిపించే మాటలకు చివర ఒకే ముద్ర పడుతుంది: "ఇది మన సంప్రదాయం."

సంప్రదాయం అన్న మాటను పుస్తకాలతో కుస్తీపట్టి బ్రతికినవాళ్లు అంత తేలికగా ఒప్పుకోలేరు. ఎప్పటి సంప్రదాయం? ఎవరి సంప్రదాయం? స్త్రీత్వం, ఆకర్షణ, ఆలుమగల సాన్నిహిత్యం అన్న మూడు విషయాలలో మనం అనాది అనుకునే కొన్ని భావాల వయసును లెక్కగట్టి చూడాలన్నదే ఈ వ్యాస ప్రయత్నం.

మొదటి అపోహ: కోరిక మగవాడిది, సిగ్గు ఆడదానిది.

తెలుగునేలకు సంబంధించినంత వరకు ఈ మాటకు మొదటి ప్రతివాది గాథాసప్తశతి. సాతవాహన హాలుని పేరిట ప్రసిద్ధమైన ఈ ప్రాకృత సంకలనం గోదావరీతీరపు పల్లె జీవితానికి అద్దం. అత్త, పొట్ట, పిల్ల వంటి తెలుగుమాటలు అందులో దొర్లాయని మన పండితులు ఎత్తిచూపారు. అందులో మాట్లాడేవారిలో ఎక్కువమంది స్త్రీలు. పొలం కాపున్న యువతి, భర్త దూరదేశం పోయిన ఇల్లాలు, అత్త కన్నుగప్పే కోడలు తమ మనసులో మాటను చెలికత్తెతోనో బాటసారితోనో చెప్పుకుంటారు. కొన్ని గాథలు రేవ వంటి స్త్రీల పేర్లతోనే ఉన్నాయి. కోరికను చెప్పడం కుల స్త్రీకి తగదన్న ఉలికిపాటు ఆ గాథలలో కానరాదు.

అల్లసాని పెద్దన మనుచరిత్రను తరగతిలో చెప్పేటప్పుడు ప్రవరుని నిగ్రహాన్ని పొగడటం మనందరికీ అలవాటు. హిమాలయంలో పాదలేపం కరిగిపోయి దారితప్పిన ఆ బ్రాహ్మణుని వరూధిని తనంతట తానే కోరింది. అతడు కాదన్నాడు, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. దీని తరువాతి కథను మాత్రం గబగబా దాటేస్తాం. వరూధిని ఒకప్పుడు కాదని తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపం ధరించి వచ్చి ఆమెను మోసగించి పొందాడు. ఒకే కథలో రెండు తిరస్కారాలున్నాయి. పురుషుడు కాదంటే కావ్యమంతా తలవంచింది. స్త్రీ కాదన్న మాటకు విలువ దక్కలేదు. ఒకరి తిరస్కారాన్ని ధీరత్వమనీ, మరొకరి తిరస్కారాన్ని కథకు అడ్డంకి అనీ చదువుతున్నంతకాలం, మనం పిల్లలకు ఆ కావ్యంలో సగమే చెబుతున్నట్లు.

రెండవ అపోహ: వెంటపడితే ప్రేమ పుడుతుంది, కాదన్నది సిగ్గుతో అన్నమాట.

మాయాప్రవరుని వారసులు మన చలనచిత్రాలలో నాయకులయ్యారు. కళాశాల గేటు దగ్గర అడ్డగించడం, బస్సులో వెంబడించడం, ఆమె విసుక్కుంటే నవ్వుకోవడం, చివరకు ఆమె లొంగడం – ఇదే ప్రేమకథ అని రెండు మూడు తరాల కుర్రవాళ్లు నేర్చుకున్నారు. దీని పర్యవసానం 2008 డిసెంబరులో వరంగల్లులో చూశాం. ప్రేమను తిరస్కరించినందుకు కక్షగట్టి ఇంజనీరింగు చదివే ఇద్దరు ఆడపిల్లలపై ఆమ్లం పోశారు. వారిలో ఒక అమ్మాయి ఆ నెల ముగియకముందే కన్నుమూసింది. ఆమ్లదాడిని, వెంటబడి వేధించడాన్ని ప్రత్యేక నేరాలుగా శిక్షాస్మృతిలో చేర్చడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక్కడ మొదటి అపోహకు, రెండవ అపోహకు ఉన్న లంకెను గమనించండి. ఆడపిల్ల అవునని నోరారా చెప్పరాదని శాసించిన చోట, ఆమె కాదన్నదాన్ని కూడా నమ్మరు. అవునన్న మాటకు చోటు లేకపోతే కాదన్న మాటకు అర్థం ఉండదు. నోట్లో నాలుక లేకపోవడం సుగుణమని పెంచి, ఆపద వచ్చినప్పుడు "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని అడగడం ఎంత అన్యాయం!

మూడవ అపోహ: శోభనపు గది మగవాడి హక్కు, శాస్త్రం అదే చెప్పింది.

సినిమాలలో పాలగ్లాసు చూసి శాస్త్రాన్ని ఊహించుకునేవారు మూలాన్ని ఒకసారి చూడాలి. తెలుగునాట చాలా కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం పెళ్లయిన మూడు రాత్రులు వధూవరులను బ్రహ్మచర్యం పాటించమంది. నేలపై పడుకోవాలి, ఉప్పుకారాలు మానాలి. ఇద్దరి పడకల నడుమ గంధం పూసి, వస్త్రమో నూలో చుట్టిన కర్రను ఉంచాలి. నాలుగవ రాత్రికి గాని ఆ కర్రను తీయరు. పెళ్లినాడే ముహూర్తం చూసి గదిలోకి తోసే తొందర ఈ సూత్రంలో లేదు.

వాత్స్యాయనుడు ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. కామసూత్రాల మూడవ అధికరణంలో కన్యావిస్రంభణమని ఒక అధ్యాయమే ఉంది. విస్రంభమంటే నమ్మకం. కొత్త పెళ్లికూతురి నమ్మకాన్ని ఎలా సంపాదించాలి అన్నది దాని విషయం. స్త్రీలు పువ్వుల వంటివారని, వారిని మృదువుగానే సమీపించాలని, నమ్మకం కలగకముందు బలవంతపెడితే ఆమెకు దాంపత్యం మీదే ద్వేషం పుడుతుందని ఆయన హెచ్చరిక. ఆ గ్రంథం పేరు చెప్పగానే వెకిలిగా నవ్వేవారిలో ఎందరికి ఈ అధ్యాయం తెలుసు?

దీనర్థం పూర్వకాలమంతా బంగారమని కాదు. పుస్తకంలో ఉన్న సంయమనం గడపలోపలికి ఎంత వచ్చిందో చెప్పడానికి గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం పీఠిక చాలు. 1897 ముద్రణకు ఆయన ఇంగ్లీషులో రాసిన ఆ పీఠికలో, విజయనగరం మహారాజు ఆజ్ఞపై విశాఖపట్నం జిల్లాలో తయారైన జాబితా ప్రస్తావన ఉంది. మూడేండ్లలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1034. అందులో అయిదేండ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఏడాది పిల్ల నమ్మకాన్ని ఏ వాత్స్యాయనుడు సంపాదించి పెట్టగలడు?

చట్టం అడుగులు ఎంత మెల్లగా పడ్డాయో చూడండి. కలకత్తాలో పదేండ్లు దాటిన ఒక బాలభార్య భర్త చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాక, 1891లో ఆంగ్ల ప్రభుత్వం సమ్మతి వయసును 10 నుంచి 12కు పెంచింది. అప్పుడు దేశమంతటా మతానికి ముప్పు అన్న గగ్గోలు లేచింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14 చేసింది. అది బ్రిటిషు ఇండియాకు మాత్రమే వర్తించింది గనుక, నిజాము రాజ్యంలోని మా పూడూరువంటి పల్లెలను తాకలేదు. ఆ మరుసటేడు, 1930లో, జోగిపేటలో మొదటి నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగినప్పుడు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది. మా ప్రాంతపు స్త్రీలు సభావేదిక ఎక్కి తమ మాట తామే చెప్పుకోవడానికి అది నాంది. పెళ్లి వయసు 18కి చేరింది 1978లో.

నాలుగవ అపోహ: ఇల్లాలికి శృంగారమెందుకు, అది వేరే ఆడవాళ్ల విద్య.

నా దృష్టిలో తక్కిన అపోహలన్నిటికీ తల్లివేరు ఇదే. దీని కథ తంజావూరులో మొదలవుతుంది.

తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుడు (1739–1763) ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె గణిక, సంగీత సాహిత్యాలలో ఆరితేరింది. నాలుగు ఆశ్వాసాలలో ఆమె రాసిన రాధికాసాంత్వనం కథ చిన్నదే. రాధ తాను పెంచిన ఇళాదేవిని శ్రీకృష్ణునికిచ్చి పెళ్లిచేస్తుంది. కొత్త పెళ్లికూతురికి చెప్పవలసినవి చెబుతుంది. ఆమెపట్ల సుకుమారంగా మెలగాలని కృష్ణునికీ బుద్ధులు చెబుతుంది. తీరా తాను విరహంతో కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను అనునయిస్తాడు. పేరులోని సాంత్వనం అదే. ప్రబంధాలలో అలిగిన నాయికలు చాలామంది ఉన్నారు. అయితే, తనకు కావలసినదేమిటో ఎరిగి, దాన్ని దాచకుండా చెప్పి, దానికోసం నాయకుడే దిగివచ్చేలా చేసుకున్న నాయికను ఒక స్త్రీ చిత్రించడం ఇక్కడ విశేషం. పసిపిల్ల వంటి ఇళను కట్టబెట్టడం మనకు ఆదర్శం కానక్కరలేదు. కాని పెళ్లిగదిలోకి వెళ్లే వరునికి మృదుత్వం నేర్పవలసిన బాధ్యత పెద్దలదని ఆ కావ్యం గుర్తించింది. ఇప్పటి పెళ్లింట ఆ బాధ్యతను ఎవరు తీసుకుంటున్నారు?

1887లో పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చువేయించాడు. ముద్దుపళని తన వంశాన్నీ, అందులోని విదుషీమణులనూ చెప్పుకున్న పీఠికాపద్యాలు ఆ ప్రతిలో లేవు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళని ప్రతిభను ఒప్పుకుంటూనే, ఆమె వృత్తినెత్తి, స్త్రీలు వినరాని పద్యాలు రాసిందని నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) ఈ దశలో రంగప్రవేశం చేసింది. సంగీత విదుషీమణి, తాను కూడా దేవదాసీ కులంలో పుట్టినది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన త్యాగమూర్తి. ఆమె అసలు ప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా ప్రకటించింది. సిగ్గు అనేది స్త్రీలకు మాత్రమే ఉండవలసిన గుణమా, పురుషులకు అక్కరలేదా అన్నది పీఠికలో ఆమె అడిగిన ప్రశ్న. ఇంతకన్నా పచ్చి శృంగారమున్న పురుషుల కావ్యాలను పంతులుగారే పరిష్కరించి అచ్చువేయించారని కూడా గుర్తుచేసింది.

జవాబు రాలేదు, పోలీసులు వచ్చారు. 1911లో ప్రతులను స్వాధీనం చేసుకున్నారు, పుస్తకం నిషేధానికి గురైంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు (1946–47) గాని ఆ నిషేధం తొలగలేదు.

వీరేశలింగంగారిని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినవాడు, స్త్రీలకోసం సతీహితబోధిని పత్రికను నడిపినవాడు ఆయన. నావంటి ఆడపిల్ల పండిత శిక్షణ పొంది తరగతి గదిలో నిలబడగలిగిందంటే ఆ పునాదిరాళ్లలో ఆయనది పెద్ద రాయి. కాని ఆయన కాలపు సంస్కర్తలు ఇల్లాలికి అక్షరం ఇస్తూ ఒక షరతు పెట్టారు. చదువుకున్న స్త్రీ గణికలా కనిపించకూడదు. అప్పటిదాకా సమాజం భార్యకు గౌరవమిచ్చి మాట ఇవ్వలేదు, గణికకు మాట ఇచ్చి గౌరవమివ్వలేదు. తాళ్లపాక తిమ్మక్కవంటి గృహిణులు కలం పట్టకపోలేదు గాని, వారు అరుదు. సంస్కరణ ఈ గోడను పడగొట్టలేదు, సున్నం కొట్టి తెల్లగా చేసింది. విక్టోరియా రాణి కాలపు ఆంగ్లేయ మర్యాద, మన పాత కులగౌరవం రెండూ కలిసి ఒక కొత్త స్త్రీమూర్తిని తయారుచేశాయి. ఆమె చదువుకున్నది, శుభ్రమైనది, అణకువ గలది. కోరిక మాత్రం లేనిది. ఇవాళ మనం అనాది అనుకునే "మన ఆడపిల్ల" వయసు నూటయాభై ఏండ్లకు మించదు.

ఇందులో ఇంకొక వింత ఉంది. క్షేత్రయ్య నాయిక గొంతుతో పదాలు రాస్తే భక్తి అన్నాం. అన్నమయ్య అలమేలుమంగ గొంతుతో పాడితే మధురభక్తి అన్నాం. అదే భావాన్ని స్త్రీ తన సొంత గొంతుతో పలికితే అశ్లీలం అన్నాం.

మా ప్రాంతంలో ఈ గోడకు అవతల పడ్డ స్త్రీల గతి కావ్యాలలో కనిపించేంత అందంగా లేదు. పాలమూరు, నిజామాబాదు వైపు పల్లెలలో దళిత బాలికలను దేవతపేర జోగినులుగా వదిలివేసే దురాచారం 1988లో చట్టం నిషేధించేదాకా బాహాటంగా నడిచింది. వారికి గణికకు దక్కిన అక్షరమూ దక్కలేదు, ఇల్లాలికి దక్కిన గౌరవమూ దక్కలేదు. ఇల్లాలి "పవిత్రత"కు ఊరు చెల్లించిన మూల్యం ఆ పసిపిల్లలు.

అయిదవ అపోహ: ఆకర్షణ అంటే రంగు.

పెళ్లిచూపుల్లో ముందు రంగు చూస్తాం. స్వయంవరానికి భారతదేశపు రాజులందరినీ రప్పించిన ద్రౌపదికి కృష్ణ అని పేరు రావడానికి కారణం ఆమె నల్లని మేనిఛాయ. ఆమె ఆకర్షణను వ్యాసుడు గాని, తెలుగు చేసిన కవులు గాని తెలుపుతో కొలవలేదు. నిండుసభలో ధర్మసందేహం అడిగిన ఆమె నోరే ఆమెను ద్రౌపదిని చేసింది. ఆ నోరు లేని ద్రౌపదిని ఊహించండి.

ఇంత చరిత్ర ఎందుకు తవ్వుతున్నానంటే, దీని బరువు మోస్తున్నవాళ్లు నా కళ్లముందు తిరుగుతున్నారు. ఆ మధ్య నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పెళ్లయిన నాలుగు నెలలకే పుట్టింటికి వచ్చింది. కట్నం గొడవ లేదు, తాగుడు లేదు. పెద్దలు కూర్చుని "సర్దుకుపోవాలె బిడ్డా" అన్నారు. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె అన్నది ఒక్కటే: "టీచర్, నాకు భయమైతది అని చెప్పిన. సిగ్గులేదా గిట్ల మాట్లాడనీకి అన్నడు." ఆ కుర్రవాడు దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. భార్య మాట్లాడితే అది సిగ్గులేనితనమని అతనికి ఇల్లూ, ఊరూ, సినిమా నేర్పాయి. అతనికి కన్యావిస్రంభణం గురించి చెప్పినవారు లేరు. ఆమె మాట నిజంగా సంప్రదాయానికి విరుద్ధం కాదని ఆ పంచాయతీలో ఎత్తి చెప్పవలసి వచ్చింది. పెద్దలలో కొందరు తలవంచుకున్నారు, కొందరు లేచి వెళ్లారు. కుర్రవాడి నాయనమ్మ మాత్రం కదలక కూర్చుని, చివరికి "పిల్ల చెప్పింది ఇనుండ్రి" అంది.

ఇటువంటి తగవులు న్యాయస్థానాల దాకా కూడా వెళ్లాయి. కాపురానికి రమ్మని భార్యను శాసించే హిందూ వివాహచట్టం తొమ్మిదవ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానంలో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పునిచ్చారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు ఉత్తర్వుతో పడకగదికి పంపడం ఆమె శరీరం మీద ఆమెకున్న అధికారాన్ని లాక్కోవడమేనని ఆయన తర్కం. మరుసటేడు సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 2017లో అదే సుప్రీంకోర్టు, పద్దెనిమిదేండ్లు నిండని భార్యతో సంయోగం అత్యాచారమేనని తేల్చింది. పద్దెనిమిది నిండిన భార్య విషయంలో భర్తకున్న మినహాయింపు మాత్రం, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగింది. చట్టం ఇంకా చేరని చోటికి ఆలుమగల నడుమ మాట చేరాలి.

ఇంతకీ నేను చెప్పదలచినది ఇది. సిగ్గు మంచిదే. అది మనసుకు సంబంధించిన సున్నితత్వమైనంత వరకు ఇద్దరికీ శోభనిస్తుంది. ఒకరి నోటికి వేసిన తాళమైతే అది సిగ్గు అనిపించుకోదు. పెళ్లికొడుకును ఉద్యోగం, జీతం అడిగే పెద్దలు, ఆమె కాదంటే నీవేం చేస్తావని కూడా అడగవచ్చు. పెళ్లికూతురికి వంట, అణకువ బోధించే అమ్మలు, నీకిష్టం లేనిది చెప్పు, ఇష్టమైనది కూడా చెప్పు అని ఒక మాట అనవచ్చు. పది పదిహేనేండ్ల పిల్లలకు వరూధిని కథ చెప్పే ఉపాధ్యాయులు రెండవ తిరస్కారం దగ్గర ఒక్క నిముషం ఆగవచ్చు.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పెళ్లిళ్లలో పాడిన పాటలలో కొత్త పెళ్లికొడుకుకు బుద్ధి చెప్పేవి, పెళ్లికూతురు నోరు తెరిచి తన మాట చెప్పేవి ఉంటే సేకరించి తెలియజేయండి. మా పల్లెల్లో అవి పాడగలిగినవారు ఇప్పుడు వేళ్లమీద లెక్కించేంతమందే మిగిలారు. వాళ్లు ఉండగానే రాసుకోవాలి.